పదిహేనేళ్ల గోల్‌కీపర్ మీద ఇంత భారమా? (అనంతపురం హాకీ, తల్లిదండ్రులూ కోచ్‌లూ కూడా రాయండి)

గుత్తి మేనమామ | సోమవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను. మా అక్క కూతురి విషయంలో మీ సలహా కావాలని ఇప్పుడు రాస్తున్నాను.

పిల్లకు పదిహేనేళ్లు. అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ హాకీ ఆడుతోంది. గోల్‌కీపర్. కిందటి నెల ఒక టోర్నమెంటులో సెమీఫైనల్ సమంగా ముగిసి షూటౌట్‌కు వెళ్లింది. వీళ్ల జట్టు ఓడిపోయింది. ఓటమి గురించి నాకు బెంగ లేదు. ఆ తర్వాత జరుగుతున్నదే చూడలేకపోతున్నాను.

టోర్నమెంటుకు ముందే మా బావ ఊళ్లో వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టించాడు. ప్యాడ్లు, హెల్మెట్ వేసుకుని పిల్ల నిలబడ్డ ఫొటో, పైన వరసగా నాయకుల ఫొటోలు, కింద పెద్ద అక్షరాలతో 'మా ఊరి ముద్దుబిడ్డ, రేపటి భారత జట్టు గోల్‌కీపర్‌కు శుభాకాంక్షలు'. పిల్ల సెలవులకు వచ్చినప్పుడు అది అక్కడే ఉంది. బస్సు దిగాక ఇంటికి దగ్గర దారి ఆ మలుపు మీదుగానే. ఇప్పుడు చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి వస్తోంది.

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికి వచ్చిన ప్రతివారూ మాత్రం 'ఏమ్మా, ఎన్ని ఆపావు, ఎన్ని వదిలావు?' అని అడుగుతున్నారు. పిల్ల లేచి లోపలికి వెళ్లిపోతుంది. కిట్ సంచి తెచ్చినది తెచ్చినట్టే మంచం కింద ఉంది. ప్యాడ్లను నీడన ఆరబెట్టకపోతే చెమటకు వాసన పట్టి లోపలి స్పాంజి పాడవుతుందని నాకు చెప్పింది ఈ పిల్లే. ఇప్పుడు ఆ సంచి జిప్పు కూడా తీయడం లేదు. మైదానం మాట ఎత్తితే కడుపునొప్పి అంటోంది.

మా బావ చెడ్డవాడు కాదు. కూలి చేసుకుంటూనే అప్పు తెచ్చి కిట్ కొనిపెట్టాడు. అతనితో ఎలా మాట్లాడాలి? పిల్లను కొన్నాళ్లు ఆటకు దూరంగా ఉంచాలా, ధైర్యం చెప్పి మళ్లీ పంపాలా?

కడప పీఈటీ | సోమవారం, రాత్రి 10.02

మేనమామ గారూ, ముందుగా షూటౌట్ అంటే ఏమిటో మీ బావగారికి అర్థమయ్యేలా చెప్పండి. ఊళ్లో చాలామంది దాన్ని క్రికెట్‌లో క్యాచ్ వదిలేసినట్టు అనుకుంటారు.

దాడి చేసే అమ్మాయి 23 మీటర్ల గీత దగ్గర నుంచి బంతితో బయలుదేరుతుంది. చేతిలో 8 సెకన్లు. ఎదురుగా కీపర్ ఒక్కతే. ఎటు తిరగాలో, ఎప్పుడు కొట్టాలో, పైకి లేపాలో, పక్కకు లాగాలో అన్నీ దాడి చేసేవాళ్ల ఇష్టం. కీపర్ చేయగలిగింది ముందుకు వచ్చి కోణం తగ్గించడం, తొందరపడి పడిపోకుండా నిలబడడం, సెకన్లు కరిగించడం. పైగా సొంత జట్టులో అయిదుగురు వెళ్లి గోల్ చేయలేకపోయినా ఓటమి కీపర్ ఖాతాలోనే రాస్తారు. ఆ లెక్కే తప్పు.

2023 ప్రపంచకప్‌లో భువనేశ్వర్‌లో సొంత జనం ముందు మన పురుషుల జట్టు న్యూజిలాండ్‌తో 3-3 దగ్గర ఆగి షూటౌట్‌లోనే ఓడింది. గోల్‌లో ఉన్నది శ్రీజేష్. షూటౌట్ మధ్యలో గాయపడితే రెండో కీపర్ పాఠక్ వచ్చి నిలబడ్డాడు. అదే శ్రీజేష్ మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో షూటౌట్‌లో జట్టును గెలిపించి, కాంస్యంతో ఆటకు వీడ్కోలు చెప్పాడు.

మన మహిళల జట్టు కీపర్‌గా ఆడిన సవిత సంగతి ఇంకా బాగుంటుంది, ఆ పిల్లకు చెప్పండి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మొదటి ప్రయత్నాన్ని సవిత ఆపింది. గడియారం మొదలవలేదని చెప్పి మళ్లీ కొట్టించారు. ఈసారి గోల్ అయింది, మ్యాచ్ పోయింది. అంత అన్యాయం జరిగాక కాంస్యం మ్యాచ్‌లో న్యూజిలాండ్ చివరి క్షణాల్లో స్కోరు సమం చేసింది. మళ్లీ షూటౌట్. ఈసారి సవిత నిలబడి గెలిపించింది. రెండు మ్యాచ్‌లకూ మధ్య పెద్ద వ్యవధి కూడా లేదు.

మా బడిలో నేను ఒక నియమం పెట్టాను. మ్యాచ్ అయ్యాక గంటసేపు ఆట గురించి ఎవరూ నోరెత్తకూడదు, గెలిచినా సరే. నీళ్లు, అరటిపండు, స్నానం. తప్పొప్పులు మర్నాడు ఉదయం మైదానంలో, చేతిలో స్టిక్ ఉండగా మాట్లాడుకుంటాం. తల్లిదండ్రులకు కూడా ఇదే చెబుతాను. కొందరికి నచ్చదు.

గుంతకల్లు రైట్‌హాఫ్ | మంగళవారం, ఉదయం 6.40

నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. నేను రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి. ఆ ఉద్యోగం హాకీ వల్లే వచ్చింది. మా అన్నదమ్ముల్లో నెల జీతం చూసిన మొదటివాణ్ణి నేనే.

ఈ మధ్య ఎక్కడ చూసినా 'పిల్లల మీద ఆశలు పెట్టుకోవద్దు, ఆనందం కోసం ఆడనివ్వండి' అంటున్నారు. కడుపు నిండినవాళ్ల ఇళ్లలో ఆ మాట చెల్లుతుంది. వాన పడితే వేరుశనగ, పడకపోతే వలస అన్నట్టు బతికే ఇంట్లో పిల్ల స్టిక్ పట్టిందంటే దాని వెనుక ఆశ ఉండకుండా ఎలా ఉంటుంది? మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. ఆ సర్టిఫికెట్ కోసం తండ్రి ఎదురుచూడడం నేరమా? రాణీ రాంపాల్ తండ్రి బండి లాగి బతికినవాడు. సలీమా టేటే సిమ్‌డేగా పల్లెలో వెదురు కర్రతో ఆడింది. ఆ ఇళ్లలో ఆశ పెట్టుకోకపోయి ఉంటే వాళ్లు భారత జట్టుకు కెప్టెన్లు అయ్యేవారా?

ఒత్తిడి లేని ఆట ఉండదు. దాన్ని మోయడం కూడా నేర్పాలి. పిల్లను ఇంట్లో కూర్చోబెడితే ఆ భయం ఇంకా పెద్దదవుతుంది.

ఫస్ట్ రషర్ | మంగళవారం, సాయంత్రం 5.15

పెద్దలందరికీ నమస్కారం. నాకు పదిహేడేళ్లు. అనంతపురంలోనే ఆడుతున్నాను. రైట్‌బ్యాక్. ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్ వస్తే డ్రాగ్ ఫ్లిక్, అంటే బంతిని స్టిక్‌తో లాగి గోల్ వైపు విసిరే దెబ్బ, కొట్టేవాడి మీదకు మొదట పరుగెత్తేది నేనే. బంతి బరువు 160 గ్రాముల దాకా ఉంటుంది. మోకాలికి తగిలినా, ముఖానికి తగిలినా ఏమవుతుందో తెలిసే పరుగెత్తుతాం. నాకు ఆ పరుగంటే భయం లేదు.

నాకు కష్టమనిపించేది మ్యాచ్ తర్వాత వచ్చే ఫోన్లు. మా పెదనాన్న, మేనత్త, ఎదురింటి అంకుల్, అందరూ అడిగేది ఒకటే: 'ఎన్ని గోల్స్ కొట్టావు?' నేను బ్యాక్‌ని. గోల్ కొట్టడం నా పని కాదు. ఒక మ్యాచ్‌లో వరసగా మూడు కార్నర్లు ఆపాను. మా జట్టు 1-0తో గెలిచింది. ఇంటికి ఫోన్ చేస్తే 'ఆ ఒక్కటీ నువ్వే కొట్టి ఉంటే ఎంత బాగుండేది' అన్నారు. వాళ్లు ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

గుంతకల్లు సార్ చెప్పినట్టు ఆశ ఉండాలి. మా అమ్మకూ ఉంది. కానీ అమ్మ ఫోన్ చేస్తే 'తిన్నావా, కాలు నొప్పి తగ్గిందా' అని అడిగి, తర్వాత మా గేదె ఈనిందనో, చెల్లికి మార్కులు వచ్చాయనో చెబుతుంది. ఆట సంగతి నేను చెబితే వింటుంది, లేకపోతే అడగదు. అందుకే అన్నీ ఆమెకే చెబుతాను. మేనమామ గారూ, మీ అమ్మాయిని ఎన్ని ఆపావని అడగకుండా మిగతా ఏ విషయమైనా మాట్లాడండి. ఆమే చెబుతుంది.

ధర్మవరం అమ్మ | మంగళవారం, రాత్రి 8.48

బాబూ, నీ మాటలు చదివి కళ్లు తుడుచుకున్నాను. మాది మగ్గం ఇల్లు. మా అబ్బాయి కూడా ఆడతాడు.

సెలెక్షన్లకు వారం ఉందనగా తొడ వెనక కండరం పట్టేసింది వాడికి. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరూ ఆ రోజు కోసమే ఎదురుచూస్తున్నాం కదా, చెబితే ఆపేస్తామని. పైన వేడి పట్టీ చుట్టుకుని, లోపల నొప్పి మాత్రలు వేసుకుని వెళ్లాడు. మొదటి క్వార్టర్లోనే కింద పడ్డాడు. వారాల్లో మానవలసింది నెలలు పట్టింది. డాక్టరు గారు 'ఇంత నొప్పిని ఎలా ఓర్చుకున్నావు?' అని అడిగితే వాడు నా వైపు చూశాడే తప్ప మాట్లాడలేదు.

గుంతకల్లు అన్నగారూ, మీరు చెప్పిన ఉద్యోగం సంగతి నాకూ తెలుసు. మగ్గం మీద వచ్చేది ఎంతో, వాడికి ఒక సర్టిఫికెట్ వస్తే ఇల్లు ఎలా మారుతుందో తెలుసు. అయినా పిల్లవాడు నొప్పి దాచుకునేంత వరకు వస్తే ఇక ఆ ఆశ వల్ల ఉద్యోగం ఎక్కడ వస్తుంది, కాలు పోవడం తప్ప?

తుంగభద్ర ఒడ్డు | బుధవారం, ఉదయం 7.30

కర్నూలు నుంచి. ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. మనం ఆశించే దానికీ మనం ఇచ్చే దానికీ పొంతన ఎక్కడ?

మా వైపు చాలామంది పిల్లలు ఎర్రమట్టి మైదానంలో నేర్చుకుంటారు. గులకరాయికి తగిలి బంతి ఎటు లేస్తుందో తెలియదు కాబట్టి స్టిక్‌ను ఎత్తుగా, జాగ్రత్తగా పెట్టడం అలవాటు. ఒకరోజు బస్సెక్కించి రాష్ట్ర స్థాయి పోటీకి తీసుకెళ్తారు. అక్కడ నీళ్లు చల్లిన నీలం టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి. బంతి జారిపోతుంది, ఆట రెట్టింపు వేగం. కింద వంగి, స్టిక్ నేలకు ఆనించి ఆపాలి. అలవాటు లేని పిల్లలు మొదటి పది నిమిషాల్లోనే రెండు గోల్స్ ఇచ్చేస్తారు. తిరుగు ప్రయాణంలో బస్సులో మాటలు పడేదీ వాళ్లే.

ఇది పిల్లలకే జరిగిందా? 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ మొదటిసారి కృత్రిమ గడ్డి మీదకు వెళ్లింది. అంతకు ముందే ఏడు స్వర్ణాలు గెలిచిన మన దేశం, అంతకు ఏడాది ముందు ప్రపంచకప్ గెలిచిన జట్టు, అక్కడ ఏడో స్థానంలో నిలిచింది. అంతటి మొనగాళ్లకే కొత్త నేల మీద కాలు నిలవలేదు. మన ఆదోని, డోన్ పిల్లలను ఏమనగలం?

అనంతపురం వాళ్లది కొంత అదృష్టం. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వల్ల పల్లె పిల్లలకు హాకీ, ఫుట్‌బాల్, జూడో, టెన్నిస్ అందుబాటులోకి వచ్చాయి. అలాంటి ఏర్పాటు లేని ఊళ్లలో పతకం గురించి మాట్లాడే ముందు కీపర్‌కు సరిపోయే సైజు హెల్మెట్ ఉందో లేదో చూడాలి. పెద్దవాళ్ల హెల్మెట్ లోపల తువ్వాలు మడిచి పెట్టుకుని ఆడే పిల్లను నేను చూశాను. బంతి వైపు తల తిప్పితే హెల్మెట్ మాత్రం ముందుకే చూసేది.

మలుపు బిడ్డ | బుధవారం, మధ్యాహ్నం 1.05

ఫ్లెక్సీ గురించి రాయాలనిపించింది. 2021లో టోక్యోలో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళ. కొన్ని రోజులకే సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో జట్టు ఓడిపోతే, హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారని కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఆమె తండ్రి ఆ ఏడాదే పోయారు. శిక్షణలో ఉండి ఆఖరిచూపుకు కూడా వెళ్లలేకపోయిన అమ్మాయి ఆమె.

అంత ఆడినవాళ్లకే అంత అవమానం జరిగిన చోట, పదిహేనేళ్ల పిల్ల బొమ్మను మలుపులో వేలాడదీయడం ఎందుకు? గెలిచి వచ్చాక కడితే సంతోషం. గెలవకముందే కడితే అది పిల్ల పేరు మీద ఊరికి రాసిచ్చిన ప్రామిసరీ నోటు. దయచేసి ముందు దాన్ని తీయించండి.

కడప పీఈటీ | బుధవారం, మధ్యాహ్నం 2.20

నోటు అన్నారు చూడండి, ఇంకో కాగితం సంగతి కూడా చెప్పాలి. పుట్టిన తేదీ. అండర్ 14లో ఎలాగైనా ఆడించాలని పిల్లవాడి వయసు రెండేళ్లు తగ్గించి రాయించే తండ్రులు ఉన్నారు, అలా రాయించుకు రమ్మనే పెద్దలూ ఉన్నారు. మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూసే పరీక్ష వచ్చాక కొందరు దొరికిపోతున్నారు. దొరికినా దొరకకపోయినా ఆ పిల్లవాడు ప్రతి క్యాంపులో అబద్ధపు వయసు చెప్పుకుంటూ బతకాలి. స్నేహితులతో పుట్టినరోజు కూడా చేసుకోలేడు. ఇక నిజంగా పదమూడేళ్లున్న పిల్ల, తనకంటే రెండేళ్లు పెద్దవాళ్ల ఎదుట ఆడి ఓడి, తనకే ఆట రాదనుకుంటుంది.

తుంగభద్ర ఒడ్డు | బుధవారం, మధ్యాహ్నం 2.41

సార్, ఇది అందరికీ తెలిసిందే. మా దగ్గర ఫలానా బడి

[ఈ సందేశంలో కొంత భాగాన్ని నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకులు | బుధవారం, మధ్యాహ్నం 3.00

బడుల పేర్లు, కోచ్‌ల పేర్లు, పిల్లలను గుర్తుపట్టే వివరాలు రాయవద్దని అందరికీ మనవి. ఆరోపణ ఉంటే తగిన అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.

గుంతకల్లు రైట్‌హాఫ్ | బుధవారం, రాత్రి 7.55

ధర్మవరం చెల్లెమ్మా, మీ అబ్బాయి కాలు ఇప్పుడు ఎలా ఉంది? తొడ వెనక కండరం మొండిది. పూర్తిగా మానకుండా పరుగు మొదలుపెడితే మళ్లీ అక్కడే చినుగుతుంది. తొందరపడనివ్వకండి.

నేను ఆశ ఉండాలన్నాను, ఇప్పటికీ అంటాను. కానీ దేని మీద ఆశ అన్నది మాట్లాడుకోవాలి. మా కోచ్ పరమ కోపిష్టి. ఆలస్యంగా వస్తే మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు, స్టిక్ విసిరేస్తే ఆ రోజు ఆటే లేదు. స్కోరు గురించి మాత్రం ఒక్కరోజు అడగలేదు. వెనక్కి పరుగెత్తావా, పక్కవాడికి మాట అందించావా, ఆఖరి క్వార్టర్లో తల దించావా, ఇవే అడిగేవాడు. అవి మా చేతిలో ఉన్నవి. సెలెక్టర్ మనసు, అంపైర్ విజిల్, ఎదుటి జట్టు బలం మా చేతిలో ఉండేవి కావు.

మన రజనిని చూడండి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లి భారత జట్టు కీపర్ అయింది. కానీ ఆమె కాలంలోనే సవిత ఉంది. కీపర్ చోటు ఒక్కటే. ఒలింపిక్ జట్టులోకి తీసుకునేది 16 మందిని. రియోకు 2016లో స్టాండ్‌బైగా ఉండవలసి వచ్చింది. అలా ఏళ్ల తరబడి సిద్ధంగా ఉండి ఎదురుచూడడం కూడా ఆటే. మన ఊళ్లలో ఆ ఎదురుచూపుకు విలువ ఇచ్చేవాళ్లు లేరు. జట్టులో ఉన్నావా లేదా, అంతే.

తెల్లకోటు కర్నూలు | గురువారం, ఉదయం 9.15

నేను కర్నూలులో మానసిక వైద్యం చదువుతున్నాను. ఆ అమ్మాయిని చూడకుండా ఇది ఫలానా జబ్బని చెప్పడం సరికాదు. మీరు గమనించవలసినవి మాత్రం చెబుతాను.

మైదానం మాట ఎత్తితే వచ్చే కడుపునొప్పిని నటన అనుకోకండి. భయపడినప్పుడు శరీరం పరుగుకో పోరాటానికో సిద్ధమవుతుంది, పేగులకు రక్తం తగ్గుతుంది. నొప్పి, వికారం, విరేచనం నిజంగానే వస్తాయి. నిద్ర ఎలా పడుతోంది? తిండి తగ్గిందా? స్నేహితులతో మాట్లాడుతోందా? ఇంతకు ముందు ఇష్టపడిన వేరే పనులు, పాటలు, టీవీ, చెల్లెళ్లతో ఆడుకోవడం, అవి కూడా మానేసిందా? ఆట ఒక్కదానికే దూరంగా ఉండి మిగతా విషయాల్లో మామూలుగా ఉంటే కొంత సమయం ఇవ్వండి. అన్నిటికీ దూరమై రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. చావు గురించి, తాను లేకపోతే అందరికీ హాయి అన్నట్టు ఒక్క మాట అన్నా ఒక్కరోజు కూడా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రి పగలు ఉంటారు, తెలుగులో మాట్లాడతారు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. గట్టిగా సాధన చేస్తూ సరిగ్గా తినని పిల్లలకు నెలసరి ఆగిపోతుంది. ఆటలో ఉన్నప్పుడు అలాగే ఉంటుందిలే అని వదిలేస్తారు. అది ఎముకలు బలహీనపడుతున్న సూచన కావచ్చు. తప్పకుండా చూపించాలి.

ఇలాంటి సాయం తీసుకుంటే పిల్లకు పిరికి పేరు వస్తుందని భయపడేవాళ్లకు: పారిస్ ఒలింపిక్స్‌కు ముందు మన పురుషుల హాకీ జట్టుకు మనసును సిద్ధం చేయడానికే ప్యాడీ ఆప్టన్‌ను పెట్టుకున్నారు. 2011లో ప్రపంచకప్ గెలిచిన క్రికెట్ జట్టుతో పనిచేసినవాడే. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యోలో జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది. అప్పుడు ఎన్నో మాటలు పడింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది.

గుత్తి మేనమామ | శనివారం, రాత్రి 9.30

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ప్రతి మాటా చదివాను, కొన్ని మా అక్కకు చదివి వినిపించాను.

ఫ్లెక్సీ తీశారు. బావ ముందు ఒప్పుకోలేదు. తీస్తే ఊళ్లో ఇంకా చులకన అవుతామన్నాడు. మా అక్క మారు మాట్లాడకుండా పక్కింటి కుర్రాణ్ణి నిచ్చెన ఎక్కించి తాళ్లు కోయించింది. ఇప్పుడది వసారాలో వేరుశనగ బస్తాల మీద కప్పి ఉంది, బొమ్మ లోపలి వైపుకు.

రషర్ బాబు చెప్పినట్టు ఆట మాట ఎత్తలేదు. పిల్లను వెంటబెట్టుకుని మా తోటకు వెళ్లాను. మోటారు స్టార్టర్ దగ్గర కూర్చుని ఏవేవో మాట్లాడుకున్నాం. చాలాసేపటికి తనే ఒక మాట అడిగింది. 'మామా, ఆ కిట్టుకు ఇంకా ఎన్ని కంతులు కట్టాలి?'

ఓడినందుకు ఏడుస్తోందని ఇన్నాళ్లూ అనుకున్నాం. పిల్ల మనసులో నడుస్తున్న లెక్క వేరు. షూటౌట్‌లో మూడో గోల్ పడ్డప్పుడు తనకు గుర్తొచ్చింది నాన్న ప్రతి నెలా వడ్డీ కట్టి వచ్చి చెప్పే మాటట. 'నీ కోసమే కదమ్మా' అంటాడట. అతను ప్రేమగానే అంటాడు, నాకు తెలుసు. నిద్ర, తిండి పరవాలేదు. చెల్లెలితో మామూలుగానే ఉంటోంది. బావకు ఇదంతా ఎలా చెప్పను?

గుంతకల్లు రైట్‌హాఫ్ | శనివారం, రాత్రి 9.52

ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మెత్తబరచకండి. అప్పు తండ్రిది. అది పిల్ల కట్టవలసినది కాదని తండ్రే, తన నోటితో, పిల్ల ముందు కూర్చుని చెప్పాలి. మీరు చెబితే చాలదు, వాళ్లమ్మ చెప్పినా చాలదు. నేను ఇక్కడ ఆశను వెనకేసుకొచ్చి మాట్లాడినవాణ్ణి. కానీ కంతుల లెక్క పదిహేనేళ్ల పిల్ల తలలో పెట్టడం ఆశ కిందికి రాదు. కావాలంటే నా నంబరు నిర్వాహకుల దగ్గర తీసుకోండి, మీ బావగారితో నేను మాట్లాడతాను. అప్పు చేసి ఆడించిన తండ్రి కొడుకునే నేనూ.

ధర్మవరం అమ్మ | శనివారం, రాత్రి 10.20

అవునన్నా. 'నీ కోసమే' అన్న మాట మా ఇంట్లో కూడా రోజూ వినబడేదే. ఇది చదివాక మా ఆయనకు ఫోన్ ఇచ్చి చదవమన్నాను.

అబ్బాయి కాలు పరవాలేదు. ఇప్పుడు మెల్లగా నడక, సైకిలు. పరుగు ఇంకా మొదలుపెట్టలేదు.

కడప పీఈటీ | ఆదివారం, ఉదయం 6.15

మేనమామ గారూ, పిల్ల మళ్లీ ఆడతానంటే మొదటి రోజే ప్యాడ్లు కట్టించి గోల్‌లో నిలబెట్టకండి. కొన్నాళ్లు మామూలు ఆటగాళ్లతో పాటు స్టిక్ పట్టుకుని పాస్‌లు ఆడనివ్వండి. తర్వాత షూటౌట్ పెట్టండి, కానీ తిరగేసి. కోచ్ గోల్‌లో నిలబడాలి, పిల్ల దాడి చేయాలి. 8 సెకన్లలో దాడి చేసేవాళ్లకు ఎంత కంగారు ఉంటుందో, కీపర్ ముందుకు వస్తే కళ్లకు గోల్ ఎంత చిన్నదిగా కనబడుతుందో తనకే తెలుస్తుంది. నా దగ్గర ఇద్దరు కీపర్లకు ఇది పనిచేసింది. ఆడనంటే మాత్రం బలవంతం వద్దు.

గుత్తి మేనమామ | బుధవారం, రాత్రి 8.40

బావ మాట్లాడాడు. గుంతకల్లు అన్నగారు ఫోన్‌లో అతనితో గంటసేపు మాట్లాడారు, ఆ రుణం ఎలా తీర్చుకోను? ఆ రాత్రి భోజనాల దగ్గర బావ పిల్లతో 'కంతులు నేను చూసుకుంటాను. నువ్వు ఆడినా, మానేసినా అది నీ నెత్తిన లేదు' అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. పిల్ల ఏమీ అనలేదు. మర్నాడు సంచి జిప్పు తీసి ప్యాడ్లు వసారాలో ఆరబెట్టింది. ఒక కిక్కరు (కీపర్ పాదానికి కట్టుకునే ప్యాడ్) పట్టీ తెగి ఉంది.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. రాబోయే సెలెక్షన్లకు వెళ్లనని ఖరాఖండిగా చెప్పింది. బావకు అది మింగుడు పడలేదు, ముఖంలో తెలుస్తోంది. కానీ మైదానానికి వెళ్తానంటోంది. అనంతపురంలో తెలిసినవాళ్ల ముందు కాకుండా వేరే చోట మొదలుపెట్టాలని ఉందట. అన్నగారూ, గుంతకల్లులో మీరు ఆదివారాలు పిల్లలతో ఆడిస్తారని బావ చెప్పాడు. తీసుకురావచ్చా? పిల్ల ఒక షరతు పెట్టింది. నాన్న రావచ్చు, వీడియో తీయకూడదు.

గుంతకల్లు రైట్‌హాఫ్ | బుధవారం, రాత్రి 8.58

మంచి షరతు. నేనూ పాటిస్తాను.

ఎండ ఎక్కకముందే ఆరింటికి మొదలుపెడతాం, కాబట్టి శనివారం సాయంత్రమే వచ్చి మా ఇంట్లో పడుకోండి. ప్యాడ్లు తెస్తే తెండి, లేకపోతే స్టిక్, షిన్‌గార్డులు చాలు. తెగిన పట్టీ మాత్రం తప్పకుండా తీసుకురండి. స్టేషన్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ఉన్నాడు, మా పాత కిట్లన్నీ ఆయనే కుట్టాడు. నైలాన్ దారంతో రెండు వరసలు వేస్తాడు. కొత్తది కొననక్కర్లేదని బావగారికి చెప్పండి.